దబ్బరసం పిండే వేళ

నరహరి సిద్ధాంతిగారు అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పిన దాఖలా లేదు. వాన ఎప్పుడు పడుతుందండీ అని రైతు అడిగితే, "నీ ఎడ్లకి పాక నేయించావా?" అనేవారు. ముహూర్తం ఇంత దూరంగా పెట్టారేమండీ అని పెళ్ళివారు నిలదీస్తే, మజ్జిగ ఇప్పించి, అది తాగే లోపల వాళ్ళ తొందర ఏమిటో వాళ్ళ నోటే చెప్పించేవారు. గోదావరి పాయ పక్కనున్న ఆ లంక ఊళ్ళో ఆయన దగ్గర పంచాంగ గణితం నేర్చుకున్న ప్రతివాడూ మొదటి ఏడాదంతా విసుక్కున్నవాడే. అడిగేది ఒకటి, ఆయన పురమాయించే పని మరొకటి. ఆ పని చేసి చెమట తుడుచుకుంటుంటే సగం జవాబు తగిలేది. తక్కిన సగం ఎవరికి వాళ్ళు వెతుక్కోవలసిందే.

అలాంటి మనిషిని, ఒక పుష్యమాసపు ఉదయాన, పెద్ద శిష్యుడు కామేశం ఒక ప్రశ్న అడిగాడు. అడిగినవాడు ఎదురుగా కూర్చుని కూడా అడగలేదు. ఏదో సర్దుతున్నట్టు మొహం అటు తిప్పుకుని, "గురువుగారూ, గురువు చేసిన తప్పు శిష్యుడి కంట పడితే శిష్యుడేం చెయ్యాలండి?" అన్నాడు.

సిద్ధాంతిగారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. తుడవడానికి మామూలు కంటే కాస్త ఎక్కువసేపే పట్టింది. "పెరట్లో చక్కెరకేళి గెల ముగ్గింది. ఓ డజను పళ్ళు కోసుకురా. మెత్తబడ్డవి వద్దు. దబ్బచెట్టుకి పసుపు తిరిగిన కాయలు రెండున్నాయి, అవీ తే. ఇవాళ నైవేద్యం నేనే చేస్తాను," అని లేచి, పంచె ఎగ్గట్టి, జన్మలో మొదటిసారి సొంత ఇంటి వంటింట్లోకి నడిచారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. నలభై ఒక్క ఏళ్ళుగా సిద్ధాంతిగారి పంచాంగం వెలువడుతోంది. ఏటా లెక్కంతా ముగిసి, శుద్ధప్రతి తయారై, అచ్చుకు వెళ్ళే రోజున ఆ కాగితాల కట్టను పీట మీద ఉంచి దానికి తీపి నివేదన చేస్తారు. ఆ తీపి కూడా ఏటా ఒకటే. నేతిలో వేయించిన చక్కెరకేళి పళ్ళు, వాటి మీద దబ్బరసం పిండిన బెల్లప్పాకం. ఇంటావిడ శేషమ్మగారి చేతిలో ఆ పాకం పండుకి ఒక పలచని పొరలా పట్టి నిగనిగలాడేది. నోట్లో పెట్టుకుంటే ముందు తియ్యగా, వెంటనే నాలుక పక్కన చురుక్కుమనేది. పన్నెండింటి పడవలో వచ్చే అచ్చాఫీసు గుమాస్తా పట్టాభి కాగితాల కోసం వస్తాడో పళ్ళ కోసం వస్తాడో తేలడం లేదని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. ఈ ఏడు శేషమ్మగారు తమ్ముడి గృహప్రవేశానికి వెళ్ళి, అటునించి పడవ దొరక్క రెండు రోజులుగా అక్కడే ఉండిపోయారు. అందుకని గరిటె సిద్ధాంతిగారి చేతికి వచ్చింది. ఆయన ఉత్సాహం చూస్తే, ఈ అవకాశం కోసం నలభై ఏళ్ళుగా కాచుకుని ఉన్నారా అనిపించింది.

కామేశం మాత్రం గెల దగ్గర కత్తి పట్టుకుని, కొయ్యడం మరిచిపోయి నిలబడ్డాడు. ప్రశ్న అడగడానికే వాడికి ప్రాణాలు తోడేసినట్టయింది. దానికి జవాబు అరటిపళ్ళా?

వాడి బాధ చిన్నదేమీ కాదు. ఆదివారం నాడు శుద్ధప్రతి రాస్తూ రాస్తూ, వచ్చే ఏటి చంద్రగ్రహణం లెక్క దగ్గర వాడి కలం ఆగింది. గ్రహణం మధ్యకాలం ముప్ఫై నాలుగు ఘడియల నలభై ఎనిమిది విఘడియలు. దానికి నాలుగు ఘడియల ఇరవై ఏడు విఘడియలు కలిపితే విడుపు వస్తుంది. నలభై ఎనిమిదీ ఇరవై ఏడూ డెబ్భై అయిదు. అరవై విఘడియలు ఒక ఘడియ కనుక, పదిహేను కింద ఉంచి ఒకటి పైకి చేర్చాలి. సిద్ధాంతిగారు పదిహేను ఉంచారు, ఒకటి చేర్చడం మరిచారు. ముప్ఫై తొమ్మిది కావలసిన చోట ముప్ఫై ఎనిమిది కూర్చుంది. ఒక ఘడియ, అంటే ఇరవై నాలుగు నిమిషాలు, ముందుగా గ్రహణం విడిచిపోయింది కాగితం మీద.

చుట్టుపక్కల లంకలన్నీ ఆ పంచాంగం చూసే పట్టుకు ముందు పొయ్యి ఆర్పుతాయి, విడుపుకు స్నానాలు చేసి పొయ్యి వెలిగిస్తాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఆ వేళ అయ్యేదాకా చీకటి గదిలో మెదలకుండా ఉంటారు. వాళ్ళందరూ సిద్ధాంతిగారు చెప్పిన వేళకు లేచి, తడిబట్టలతో వాకిట్లోకొచ్చి తలెత్తితే, పైన చంద్రుడు ఇంకా కొరికి వదిలేసిన అప్పడంలా ఉంటాడు. పంచాంగం విడిచింది కానీ చంద్రుణ్ణి ఇంకా విడవలేదని నవ్వుతారు. నలభై ఒక్క ఏళ్ళ మాట ఆ ఒక్క రాత్రితో పోతుంది. ఆ నవ్వు తలుచుకుంటేనే కామేశానికి అన్నం సహించడం లేదు.

చెప్పేస్తే పోదా అంటే, చెప్పేవాడెవడో కూడా చూడాలి. కామేశం తండ్రి విస్సన్న పెళ్ళిళ్ళ వంటవాడు. నాలుగు తాలూకాల్లో పాకం పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. గాడిపొయ్యి పొగలో పెరిగిన కామేశానికి ఇరవై దాటాక లెక్కల మీద మనసైంది. నేర్పమని వెళ్ళిన రెండుచోట్లా, గరిటె తిప్పే చేతికి గ్రహాలెందుకోయ్ అని నవ్వి పంపారు. సిద్ధాంతిగారు నవ్వలేదు. ఎవరి కొడుకువని కూడా అడగకుండా పలక ఇచ్చి కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్ళ కిందటి మాట అది. ఆ తొమ్మిదేళ్ళలో కామేశం వంటింటి గడప తొక్కలేదు, ఎవరికైనా తండ్రి పని గుర్తొస్తుందేమోనని. అంత చేసిన మనిషికి వేలు చూపించి, మీరిక్కడ కూడిక తప్పారని చెప్పడానికి వాడికి నోరు రావడం లేదు.

పోనీ గుట్టుగా దిద్దేద్దామంటే, ఆ దారికీ అడ్డం ఉంది. శుద్ధప్రతి రాసేవాడు చూసింది రాయాలి, తనకు తెలిసింది రాయకూడదని సిద్ధాంతిగారి కట్టడి. ఒక్క అంకె మార్చినా కలం లాక్కుంటారు. కాబట్టి కామేశం ముప్ఫై ఎనిమిది అనే రాశాడు. రాసి, ఆ కాగితాన్ని కట్టలో పెట్టి, దారం బిగించాడు. పన్నెండింటికి పట్టాభి వచ్చి ఆ కట్ట పట్టుకుని వెళ్ళిపోతే ఇక చేతిలో ఏమీ ఉండదు.

పళ్ళూ దబ్బకాయలూ తీసుకుని వచ్చేసరికి వంటిల్లు సంతలా ఉంది. సిద్ధాంతిగారు డబ్బాలన్నీ దించి మూతలు వాసన చూస్తున్నారు. "ఏలకులు దొరికాయోయ్!" అన్నారు, కొత్త నక్షత్రం కనిపించినవాడిలా. బెల్లం అచ్చు పగలగొట్టి ఒక ఇత్తడి గిన్నెలో వేశారు. కామేశం చూపు ఆ గిన్నె మీదే ఆగింది. దాని కళాయి ఎప్పుడో పోయింది, లోపల పచ్చగా ఇత్తడి బయటపడింది. అందులో పులుపు పడితే కిలుం ఎక్కుతుంది. తిన్నవాళ్ళు ఆ పూటంతా కడుపు పట్టుకుని తిరుగుతారు.

గురువుగారు పుల్లలకోసం దొడ్డివైపు వెళ్ళగానే, కామేశం గడప సంగతి మరిచి లోపలికొచ్చి, చటుక్కున కళాయి గిన్నె ఒకటి దించి బెల్లం అందులోకి మార్చేశాడు. ఆయన తిరిగొచ్చి గిన్నె వంక చూశారు.

"ఇందాక ఇంత తెల్లగా లేదే?"

"తోమానండి," అన్నాడు కామేశం. గురువుతో అబద్ధమాడటం వాడికి అదే మొదలు.

ఆయన ఊఁ అని బెల్లంలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టారు. కరిగిన బెల్లంలో ఇసుకా చెరుకు పీచూ తేలుతున్నాయి. ఆయన ఏలకులు దంచడంలో పడ్డప్పుడు కామేశం ఆ నీళ్ళను గుడ్డలో వడగట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పొయ్యి మీదికి చేర్చాడు. ఇలా ఆయన ముందు నడుస్తుంటే వాడు వెనకనించి సర్దుకుంటూ పోయాడు. నిజం చెప్పాలంటే, చాలా రోజుల తర్వాత వాడి గుండె కాస్త తేలికపడింది. నోరు విప్పకుండా కూడా మనిషిని కాపాడవచ్చునని వాడికి తోచింది.

సిద్ధాంతిగారి సంబరానికి మాత్రం హద్దు లేదు. పళ్ళను నిలువునా రెండుగా చీల్చి, మూకుట్లో నెయ్యి కాగాక ఒక్కొక్క బద్దనే పక్కపక్కన పరిచారు. చుయ్యిమని మోత లేచేసరికి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ రెండడుగులు ముందుకొచ్చారు. పండు అంచులు ఎర్రబడుతుంటే వంగి చూసి, "ఒరే, రంగు తిరుగుతోందిరా," అన్నారు. నేతివాసన, పండువాసన కలిసి వంటింటినిండా కమ్ముకున్నాయి. డెబ్భై ఏళ్ళ మనిషి చెంపలు పొయ్యి సెగకు కందాయి. కామేశానికి ఆయన్ని అలా చూస్తే ఎంత ముద్దొచ్చిందో, ఆ కాగితం తలుచుకుంటే అంత దుఃఖమూ వచ్చింది.

వేగిన బద్దలు పళ్ళెంలోకి చేరాయి. ఇటు బెల్లం బుసబుస పొంగుతోంది. సిద్ధాంతిగారు గరిటె అంచునించి ఒక బొట్టు తీసి, ఊది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి విడదీశారు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి చటుక్కున తెగింది. మూడోసారి రెండు వేళ్ళ మధ్యా సన్నని దారం సాగి నిలబడింది. "తీగ వచ్చింది కామేశం, చూడు, తీగపాకం!" అని చెయ్యి గాల్లోకెత్తి చూపించారు. "విస్తరాకులు అందుకో, పట్టాభి వచ్చే వేళయింది."

ఆకుల కట్ట అటక మీదుంది. కామేశం వంటింటి ఆ చివర నిచ్చెన ఎక్కాడు. రెండు మెట్లెక్కి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. సిద్ధాంతిగారు కోసిన దబ్బకాయ చెక్క పట్టుకుని, కుతకుత ఉడుకుతున్న పాకం మీదికి చెయ్యి చాపుతున్నారు. పొయ్యి భగభగ మండుతోంది. ఉడుకు మీద దబ్బరసం పడితే పాకమంతా చేదైపోతుంది. బెల్లం ఎంత వేసినా ఆ చేదు విరగదు. కామేశానికీ ఆయనకూ మధ్య పది అడుగుల దూరముంది. గిన్నె మార్చడానికీ, గుడ్డలో వడగట్టడానికీ చెయ్యి అందినట్టు ఇప్పుడు అందదు. ఆయన వేళ్ళు చెక్క చుట్టూ బిగుసుకున్నాయి.

"ఆగు! దించు ముందు!"

ఆ గొంతు కామేశానిది కాదు. పెళ్ళిపందిట్లో వెయ్యిమంది వంట మీద నిలబడి, వడ్డించేవాణ్ణీ యజమానినీ కూడా ఏకవచనంలో కేకలేసే విస్సన్నది. సిద్ధాంతిగారు నిజంగానే ఆగారు. దబ్బచెక్క పక్కన పెట్టి, తడిగుడ్డతో గిన్నె పట్టుకుని కిందికి దించారు.

"ఆ తర్వాత?" అన్నారు, కళ్ళు గిన్నె మీదే ఉంచి.

"పొంగు అణగనీ," అన్నాడు కామేశం నిచ్చెన మీదనించే.

"ఇప్పుడా?"

"కాదు. పెద్ద బుడగలు పోవాలి."

"పోయాయి. ఇప్పుడు?"

"చిన్నవి ఉన్నాయిగా. మరీ చల్లార్చకు, బిగుసుకుంటుంది. ఆఁ, ఇదీ వేళ. పిండు."

సిద్ధాంతిగారు పిండారు. ఒక్కసారి బుస్సుమని, పాకం రంగు తేనెలా తేలిపోయింది. ఆయన గరిటెతో ఎత్తి వేగిన పళ్ళ మీద ధారగా పోశారు. ప్రతి బద్ద మీదా పాకం పలచగా పరుచుకుని మెరిసింది. ఆయన ఒక కొస చిదిపి, ఇది రుచే గాని ఎంగిలి కాదన్నట్టు కృష్ణార్పణమని నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. పులుపు తగిలిన చోట ఒక కనుబొమ్మ పైకి లేచింది.

అప్పటికి గాని కామేశానికి తను ఏమన్నాడో తెలిసిరాలేదు. నిచ్చెన మీదనించి ఎలా దిగాడో తెలియదు, వచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"క్షమించండి గురువుగారూ. నోరు జారింది. మిమ్మల్ని పట్టుకుని నువ్వని..."

"లే, లే. కాళ్ళ దగ్గర నెయ్యి చిందింది, పంచెకంటుతుంది," అన్నారాయన. "ఇందాక నన్ను ఆగు అనే ముందు ఎంతసేపు ఆలోచించావు?"

"ఆలోచించలేదండి."

"ఏం? నేను గురువునని గుర్తు రాలేదా?"

"ఆలోచిస్తూ కూర్చుంటే రసం పడిపోయేదండి..." అని, మాట పూర్తయ్యేలోగా కామేశం ఆగిపోయాడు. తను అన్నమాట తన చెవికే వినపడింది. సరిగ్గా అప్పుడే రేవువైపునించి పడవవాళ్ళ కేక వచ్చింది. పన్నెండింటి పడవ ఒడ్డుకు చేరుతోంది.

కామేశం ఇక నడవలేదు, పరిగెత్తాడు. పీట మీది కట్ట విప్పడానికి దారం ముడి రాలేదు, పంటితో తెంపేశాడు. కాగితాలు గబగబా తిప్పి గ్రహణం పుట తీసి, వంటింట్లోకి తెచ్చి, గురువుగారి ఎదుట పరిచి, నేతిచేత్తోనే వేలు పెట్టాడు.

"ఇక్కడండి. నలభై ఎనిమిదీ ఇరవై ఏడూ అరవై దాటింది. ఒకటి పైకి చేరలేదు. విడుపు ముప్ఫై తొమ్మిదండి, ముప్ఫై ఎనిమిది కాదు. మీరు తప్పారండి."

సిద్ధాంతిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపించి ఒకసారి లెక్క వేసుకున్నారు. ముందే వేసిన లెక్కకు లొంగకూడదని, కింది అంకెనించి పైకి మరోసారి వేశారు. పెదాలు కదులుతున్నాయి. వాకిట్లో పట్టాభి చెప్పులు విడిచిన చప్పుడయింది.

"చేరలేదు," అన్నారు మెల్లిగా. తర్వాత మొహమంతా విచ్చుకుంది. "చేరలేదురా! ఆరు నెలల్లో ఈ పుటను నేనే ఎనిమిదిసార్లు చూశాను. ఎనిమిదిసార్లూ చేర్చాననుకునే చూశాను." మోకాళ్ళ మీద చరుచుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వులో చిన్నబోయిన ఛాయే లేదు. అప్పుడు తెలిసింది కామేశానికి, ఇన్నాళ్ళూ తను భయపడింది ఆయనకు కాదు, తను ఊహించుకున్న ఇంకెవరికో అని. ఒళ్ళు తేలిపోతున్నట్టయింది వాడికి. కలం తెమ్మని కసిరేదాకా అక్కడే నిలబడ్డాడు.

సిద్ధాంతిగారు తమ చేత్తో ఎనిమిదిని కొట్టేసి తొమ్మిది వేశారు. ఆ అంకె మీద ఆధారపడ్డ స్నానకాలం, భోజనకాలం కూడా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సరిచేశారు. గడపలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్న పట్టాభితో, "కూర్చో పట్టాభీ. ఈ ఏడు పంచాంగం ఒక ఘడియ ఆలస్యం. మావాడు పట్టుకున్నాడు," అన్నారు, కొడుకు పెళ్ళి కుదిరిందని చెప్పినంత సంతోషంగా. అంకె సరిచేసిన కట్టను మళ్ళీ పీట మీదికెక్కించి నివేదన చేశారు. పట్టాభి మూడు ఆకులు ఖాళీ చేసి, ఇది అమ్మగారి చేతి పాకంలానే ఉందండీ అని ఒట్టేసి, కాగితాలు చంకలో పెట్టుకుని పడవకు పరిగెత్తాడు.

ఇల్లు సద్దుమణిగింది. మిగిలిన బద్దల్లో పెద్దది ఏరి సిద్ధాంతిగారు కామేశం ఆకులో వేశారు. వాడు ఆదివారం తర్వాత ఆకలితో తిన్నది అదే మొదటి ముద్ద. పాకం వేళ్ళకంటుకుంటే చిన్నపిల్లాడిలా నాకేస్తున్నాడు. వేడి ఇంకా చల్లారలేదు, సంబరం అంతకన్నా చల్లారలేదు.

"ఆ కూడిక ఎప్పుడు చూశావు?" అన్నారు సిద్ధాంతిగారు, చెయ్యి కడుక్కుంటూ, మాటవరసకు అడిగినట్టు.

"ఆదివారమండి. శుద్ధప్రతి రాస్తున్నప్పుడు."

"ఇవాళ గురువారం."

"అవునండి."

ఆయన చెంబు కింద పెట్టి, తడిచేతులు తుడుచుకోకుండానే వాడి ఎదురుగా వచ్చి కూర్చున్నారు. గొంతులో కోపం లేదు. అందుకే కామేశం చేతిలోని ముక్క తిరిగి ఆకులో పెట్టేశాడు.

"అయితే నాలుగు రోజులు, ఆ తప్పుతో నన్నొక్కణ్ణే వదిలేశావన్నమాట," అన్నారు.